వయసు తగ్గించనేల, క్యాబేజీ కడగనేల

నా వయసులోంచి నేను ఆరేళ్ళు కొట్టేశాను. దానికి సరిగ్గా ఆరేళ్ళు కఠిన శిక్ష పడింది. ఏ కోర్టూ ఇంత ఖచ్చితంగా తూకం వేయదు. ఆ శిక్షలో క్యాబేజీలు కడిగాను, పాలపెట్టెలు మోశాను, గోడవైపు తిరిగి ఆపిల్ జ్యూస్ తాగాను. ఆఖరికి పట్టుచీర కట్టుకుని, అమెరికాలో మా హెర్న్‌డన్ ఊరి తెలుగువాళ్ళందరి ముందూ నుదుటి మీద బొప్పితో నిలబడ్డాను. ఎలాగంటారా? కాఫీ కలుపుకుని వచ్చి కూర్చోండి. తొందరేం లేదు, నా పరువు ఎలాగూ పోయింది.

నేను నర్సాపురంలో ఏడో క్లాసు దాకా చదివాను. ఎనిమిదో క్లాసుకీ నాకూ ఒకరంటే ఒకరికి పడలేదు. మా ఆయన ఇక్కడ కౌంటీలో రోడ్ల ఇంజనీరు. ఒక్కతే కూతురు హారిక, చదువైపోయి ఉద్యోగంలో చేరి, వేరే అపార్ట్‌మెంట్‌కి వెళ్ళింది. ఇంట్లో నేనూ, నా మాటలూ మిగిలాం. మాటలకి మనుషులు కావాలి కదా! మా ఆయన మనిషే గానీ, సాయంత్రం ఆరు తర్వాత చెవులు పనిచేయవు. అందుకని దగ్గర్లో ఉన్న స్కూలు వంటగదిలో, పిల్లలకి లంచ్ వడ్డించే పనిలో చేరాను. అప్పటికి నాకు యాభై నాలుగు నిండాయి. ఇది నిజం అంకె. గుర్తుపెట్టుకోండి, కథలో మళ్ళీ చాలాసేపటిదాకా దొరకదు.

మొదటి రోజు నేను ఏప్రన్ ముడి వేసుకుంటూ ఉండగానే ఒకావిడ వచ్చి నన్ను ఎగాదిగా చూసింది. పేరు సున్‌జా. కొరియా ఆవిడ, నాకంటే ఏడాది ముందు చేరింది. ముఖం అప్పుడే తీసిన వెన్నముద్దలా ఉంది, వెతికినా ఒక్క ముడత దొరకదు.

ఒక్క మాట. మా ఇద్దరి ఇంగ్లీషుకీ చెరో కాలు కుంటు. ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకుంటే గానీ మాట గమ్యం చేరదు. ఆ అవస్థ మీకెందుకని, ఆవిడ మాటలన్నీ తెలుగులోనే చెబుతున్నాను.

"పేరు?"

"రాజీ."

"వయసెంత?"

అమెరికాలో ఇన్నేళ్ళుండి నన్ను ఎవరూ అడగని ప్రశ్న! అడగడం తప్పంటారిక్కడ. నర్సాపురంలో అడుగుతారు గానీ, అడిగితే నిజం చెప్పిన ఆడది మా వంశంలో లేదు. ఆ వెన్నముద్ద ముఖం చూస్తూ "యాభై నాలుగు" అనడానికి నాలుక తిరగలేదు. యాభై దాటకూడదు, అలాగని నవ్వేలా ఉండకూడదు.

"నలభై ఎనిమిది" అన్నాను.

ఆవిడ ముఖం దీపావళి మతాబాలా వెలిగింది. "నాకు యాభై రెండు! నేను నీకు ఉన్నీని!"

"ఉన్నీ అంటే?"

"అక్క! ఇకనుంచి నన్ను పేరు పెట్టి పిలవకూడదు. ఉన్నీ అనాలి."

పరాయి దేశంలో అడగకుండా అక్క దొరికిందని పొంగిపోయాను. "అలాగే ఉన్నీ" అన్నాను వినయంగా.

"ఊఁ. ఆ పాలపెట్టెలన్నీ లోపల పెట్టు."

అయ్యా, అదీ మొదలు. అమ్మలారా, మీరూ వినండి. కొరియాలో వయసంటే రైలు టిక్కెట్టు లాంటిదట. ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఎవరు నిలబడాలో, ఎవరు సామాను మోయాలో అంతా అందులోనే ఉంటుంది. మనకి 'నువ్వు', 'మీరు' ఉన్నట్టే వాళ్ళకీ ఉన్నాయి గానీ, ఒక్క ఏడాది తేడాకే మాట తోక మారిపోతుంది. పెద్దవాళ్ళు చెంచా ఎత్తేదాకా చిన్నవాళ్ళు తినకూడదు. ఇచ్చేటప్పుడు రెండు చేతులతో ఇవ్వాలి, పుచ్చుకునేటప్పుడు రెండు చేతులతో పుచ్చుకోవాలి. పెద్దవాళ్ళ ఎదుట ఏదైనా తాగాలంటే ముఖం పక్కకి తిప్పుకోవాలి. అది మద్యానికే అని తర్వాతెప్పుడో తెలిసింది. మా ఉన్నీ దాన్ని ఆపిల్ జ్యూస్‌కి కూడా వర్తింపజేసింది.

ఎదురుపడితే వంగి నమస్కరించాలి. "ఇంకొంచెం వంగు" అనేది.

"నడుం నొప్పి ఉన్నీ."

"నలభై ఎనిమిదికే నడుం నొప్పా! నన్ను చూడు, యాభై రెండు, ఎలా ఉన్నానో!" అని చీపురుపుల్లలా నిటారుగా నిలబడి చూపించేది.

యాభై నాలుగేళ్ళ నా నడుం లోపల్లోపల ఏడ్చేది. బయటికి చెప్పుకోవడానికి దానికి హక్కు లేదు. దొంగకి తేలు కుట్టడం అంటే ఏమిటో ఆ నడుముకే తెలుసు.

నా పుట్టిన సంవత్సరం కూడా ఆవిడే లెక్కగట్టింది. మనకి ప్రభవ, విభవ అని పేర్లున్నట్టు వాళ్ళకి సంవత్సరానికో జంతువు ఉంటుందట. "నువ్వు కోడి సంవత్సరం! అందుకే తెల్లారకముందే మొదలుపెడతావు" అని పకపకా నవ్వింది. నిజానికి నాది కుందేలట, అది హారిక కంప్యూటర్లో చూసి చెప్పింది. ఆరేళ్ళు కుందేలునై ఉండి కోడిలా కూశాను.

అయితే ఒకటి చెప్పాలి. ట్రేలు కడుగుతూ ఆవిడ నాకు తన దేశాన్ని ముక్కముక్కగా వడ్డించింది. ఏడో క్లాసుదాకా నేను చదివిన భూగోళమంతా కలిపినా అంత ఉండదు. వాళ్ళ దేశం మన తెలంగాణ కంటే కాస్త చిన్నదట, జనం మాత్రం ఆంధ్రా అంతమంది. చూసినవైపల్లా కొండలే. అందుకే జనం కొండల మధ్యలో మిగిలిన చదును నేలలో అగ్గిపెట్టెలు నిలబెట్టినట్టు మేడలు కట్టుకుని, ఒకరి నెత్తిన ఒకరు కాపురం ఉంటారు. చలికాలంలో గదులు కాదు, నేల వేడెక్కుతుంది, దానిమీద పక్క వేసుకుంటే ఇడ్లీపాత్రలో పడుకున్నట్టే. ఆవిడ చిన్నప్పుడు బియ్యానికి ఇబ్బంది పడ్డ ఇళ్ళు, ఆవిడకి పిల్లలు పుట్టేసరికి ఫోన్లూ కార్లూ ఓడలూ చేసి ప్రపంచానికి పంపే ఇళ్ళయ్యాయి.

"అంత తొందరగా ఎలా ఉన్నీ?" అంటే, "మా దేశంలో అన్నం వడ్డించేవాడి నుంచి ఆఫీసరు దాకా అందరూ అనే మాట ఒకటే. పల్లీ పల్లీ" అంది.

నేను వేరుశనగపప్పు అనుకోలేదు లెండి, అంత తెలివితక్కువదాన్ని కాదు. తొందరగా తొందరగా అని అర్థం, ట్రేలతో నా వెనకాల నిలబడి రోజూ అనేది అదే.

పిల్లలకి స్కూలయ్యాక ట్యూషన్లు, ట్యూషన్లయ్యాక ఇంకో ట్యూషన్. కాలేజీకి వెళ్ళే పెద్ద పరీక్ష రోజున, పిల్లలు విని రాసే భాగం జరుగుతున్నంతసేపూ ఆకాశంలో విమానాలు దిగకుండా ఆపుతారట. "మా బెజవాడ వాళ్ళకి ఈ సంగతి చెప్పకూడదు, రైళ్ళు కూడా ఆపమంటారు" అన్నాను. మగపిల్లలందరూ కొంతకాలం సైన్యంలో పనిచేసి తీరాలి. ఎందుకని అడిగితే ఆవిడ చేతిలో ట్రే ఆగింది. దేశం రెండు ముక్కలైనప్పుడు వాళ్ళ పెద్దమ్మ ఉత్తరాన ఉండిపోయింది. వాళ్ళమ్మ చనిపోయేదాకా అక్కని చూడలేదు, ఒక్క ఉత్తరం ముక్క కూడా అందలేదు. "మా అమ్మకి అక్క ఉండీ లేదు. అందుకే నాకు ఎవరైనా ఉన్నీ అంటే ఇష్టం" అంది.

ఆ రోజు నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. "పల్లీ పల్లీ, పిజ్జాలు మాడుతున్నాయి!" అంది. మూసేశాను.

ఇక నవంబర్ వస్తే కిమ్చీ. మనకి వేసవిలో ఆవకాయ ఎలాగో వాళ్ళకి చలికాలం ముందు కిమ్చీ అలాగ. వాళ్ళింట్లో యాభై క్యాబేజీలు, ఒక్కోటి నెలల పిల్లాడంత. వాటిని చీల్చి, ఉప్పునీళ్ళలో నానబెట్టి, మూడుసార్లు కడిగి, ఆకు ఆకుకీ కారం పట్టించాలి. పెద్దవాళ్ళు స్టూలు మీద కూర్చుని "ఉప్పు చాలలేదు" అంటారు. చిన్నవాళ్ళు నేలమీద కూర్చుని కడుగుతారు. చిన్నదాన్ని నేను! మోకాళ్ళు పటపటమంటుంటే చన్నీళ్ళలో చేతులు పెట్టి అనుకునేదాన్ని: అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. వయసు తగ్గించనేల, క్యాబేజీ కడగనేల!

మరి చెప్పెయ్యొచ్చుగా అంటారు. అక్కడే ఉంది చిక్కంతా. నాలుగో ఏడు మా ఆయనకి గుండె ఆపరేషన్ అయింది. ఇరవై రోజులు సున్‌జా పొద్దున్నే గంజిలాంటి జావ కాచి, చలిలో గుమ్మం ముందు నిలబడేది. "నీకెందుకు ఉన్నీ ఇంత శ్రమ?" అంటే, "చెల్లెలికి కష్టమొస్తే అక్క పడుకుంటుందా?" అని కసిరింది. ఇప్పుడు నేను వెళ్ళి "నేనే నీకంటే పెద్దదాన్ని" అంటే నష్టం నాకు కాదు, ఆవిడకి. పెద్దదాన్ని పట్టుకుని అన్నేళ్ళు పేరు పెట్టి పిలిచి, పెట్టెలు మోయించానని తెలిస్తే ఆ మనిషి సిగ్గుతో చచ్చిపోతుంది. వంటగదిలో తల ఎత్తదు, మా ఇంటి గడప తొక్కదు. నా అబద్ధం బయటపడటం కాదు, నా అక్క పోవడం నాకు భయం.

ఇలా ఉండగా నాకు అరవై వచ్చాయి. పిలవకుండా వచ్చేవి అవే కదా! హారిక ఫోన్ చేసింది.

"అమ్మా, నీ సిక్స్టీయెత్ గ్రాండ్‌గా చేస్తాను. హాల్ బుక్ చేశాను. సున్‌జా ఆంటీకి ఫస్ట్ ఇన్విటేషన్ ఇచ్చేశాను."

నా చేతిలో అట్లకాడ జారిపోయింది. "ఎన్నో పుట్టినరోజని చెప్పావే?"

"జస్ట్ బర్త్‌డే అన్నాను. ఎందుకు?"

చెప్పాను. అవతలనుంచి గుక్కతిప్పుకోకుండా నవ్వు.

"సిక్స్ ఇయర్స్ నుంచి ఆంటీకి లై చెప్తున్నావా? అమ్మా, యూ ఆర్ అన్‌బిలీవబుల్!"

"నవ్వింది చాలు, ఏదైనా దారి చెప్పు."

"వాళ్ళ కొరియాలో ఇప్పుడే కొత్త రూల్ వచ్చింది తెల్సా? ఇంతకుముందు పుట్టగానే బేబీకి వన్ ఇయర్. మళ్ళీ న్యూ ఇయర్‌కి అందరికీ ఇంకోటి. ఇప్పుడు అదంతా తీసేసి వరల్డ్ లెక్క పెట్టారు. కంట్రీ మొత్తం ఏజ్ తగ్గిపోయింది!"

చూశారా అన్యాయం! దేశమంతా కలిసి వయసు తగ్గించుకుంటే చట్టమట. నేనొక్కదాన్ని తగ్గించుకుంటే అబద్ధమట!

ఇక ఏర్పాట్లు మొదలుపెట్టాను. బ్యానర్ మీద అంకె ఉండకూడదు. కేకు మీద అంకె ఉండకూడదు. హాలు గుమ్మంలో నేనే నిలబడి వచ్చిన ప్రతివాళ్ళ చెవిలోనూ ఊదాను: "ఈ పూటకి నాకు యాభై నాలుగు. నోరు జారకండి."

మా వీధిలో ఉండే పద్మ ఊరుకునే రకమా? "అయితే వదినా, ఈ పూటకి నాకు ముప్ఫై ఎనిమిది. మావారికి కూడా తెలీనివ్వకు" అంది. ఆవిడ వెనకాల ఇంకో నలుగురు వరసకట్టి తలా పదేళ్ళు తగ్గించుకున్నారు. అరగంటలో హాలంతా కాలేజీ అయిపోయింది.

మా ఆయన్ని పక్కకి లాగి ప్రత్యేకంగా చెప్పాను. "ఏవండీ, మైకు పట్టుకుంటే పట్టుకోండి. అరవై అన్నమాట మాత్రం రాకూడదు. తెలుగులో రాకూడదు, ఇంగ్లీషులో రాకూడదు."

"నాకు చెప్పాలా రాజీ? రోడ్డు మీద గుంత ఉందంటే పక్కనుంచి పోవడం నా వృత్తి" అన్నారు.

సున్‌జా వాళ్ళ పద్ధతిలో పట్టు బట్టలు కట్టుకుని, రెండు చేతులతో పెద్ద పళ్ళబుట్ట పట్టుకుని వచ్చింది. వంగి నమస్కరించాను. తల నిమిరి, "మా చెల్లెలు ఇవాళ బాగుంది" అని అందరికీ చెప్పింది. ముందు వరసలో కూర్చోబెట్టాం, పక్కనే హారిక. మా తెలుగంతా ఆవిడకి ఇంగ్లీషులో చెప్పే పని దానిది.

మా ఆయన మైకు అందుకున్నారు. "మా రాజీ వయసు చెప్పకూడదని ఆర్డరు. నేను చెప్పను" అన్నారు. అందరూ నవ్వారు. అక్కడ ఆపొచ్చు కదా! ఆగలేదు. గుంత పక్కనుంచి పోతున్నాననుకుని నేరుగా బావిలో దిగారు. "ఒక్క ముక్క మాత్రం చెబుతాను. ఆవిడ పుట్టింది శోభకృత్ నామ సంవత్సరం. చక్రం తిరిగి తిరిగి, ఈ ఏడు మళ్ళీ శోభకృత్ వచ్చింది!"

అంకె చెప్పలేదు. నిజమే, ఒక్క అంకె కూడా చెప్పలేదు. హారిక కూడా ఆలోచించకుండా అలవాటుగా సున్‌జా వైపు వంగి, అమ్మ పుట్టిన సంవత్సరం పేరే చక్రం తిరిగి మళ్ళీ వచ్చిందట అని ఇంగ్లీషులో అప్పజెప్పేసింది. చెప్పాక నాలుక కరుచుకుంది.

ఏం లాభం? మన సంవత్సరాల చక్రం అరవై ఏళ్ళకి తిరుగుతుందా, వాళ్ళదీ అచ్చం అరవై ఏళ్ళకే తిరుగుతుంది! మనకి షష్టిపూర్తి ఎలాగో వాళ్ళకీ అరవై నిండితే అంత పండగ. ఆ సంగతి హాల్లో నాకు తెలీదు, మా ఆయనకి తెలీదు. తెలిసిన ఒక్క మనిషీ ముందు వరసలో వేళ్ళు మడుస్తోంది. ఒకసారి మడిచింది. నమ్మకం కుదరక రెండోసారి మడిచింది. లేచి స్టేజీ మీదికొచ్చింది.

"రాజీ. నీది ఏ జంతువు?"

"కోడి" అన్నాను. నా గొంతు కోడిపిల్లలా వచ్చింది.

"మళ్ళీ చెప్పు."

"...కుందేలు."

ఆవిడ కళ్ళనిండా నీళ్ళు. మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులూ నేలకి ఆన్చి, నాకు సాష్టాంగం లాంటి దండం పెట్టింది. పెద్దవాళ్ళకి పెట్టే పెద్ద దండమట అది. నేను పెద్దదాన్నని ఒప్పుకున్నట్టు నిలబడాలి కదా? ఆరేళ్ళ అలవాటు నిలబడనిస్తుందా! ఆవిడ ఎంత వంగితే నేను అంతకంటే వంగాలి, అదే నా నడుముకి తెలిసిన ఒకే ఒక్క కొరియా విద్య. దభాలున నేనూ వంగాను. అప్పుడే ఆవిడ తలెత్తింది. గుళ్ళో కొబ్బరికాయ కొట్టిన చప్పుడైంది. ఇద్దరం చెరోవైపు చతికిలపడ్డాం.

మా ఆయన ఐస్ కోసం పరిగెత్తారు. సున్‌జా నుదురు పట్టుకుని ఏడుస్తోంది. "ఆరేళ్ళు నిన్ను పేరు పెట్టి పిలిచాను. నీ చేత క్యాబేజీలు కడిగించాను. మా అమ్మ ఉంటే నన్ను ఇంట్లోకి రానివ్వదు. రేపటినుంచి నీ ముఖం ఎలా చూడను?"

నాకు దుఃఖం ఆగలేదు. "తప్పు నాది ఉన్నీ! నువ్వు పెద్దదానివని నమ్మావంతే. నేనే ఆరు తగ్గించాను."

ఆవిడ ఏడుపు టక్కున ఆగింది. నేల చూపులు చూసింది. పట్టుబట్టల అంచు సర్దుకుంది.

"ఆరే తగ్గించావా?"

"ఆరే. ఒట్టు."

"నేను నాలుగు పెంచాను" అంది.

"పెంచావా!"

"నువ్వు నలభై ఎనిమిది అన్నావు. అప్పుడు నాదీ నలభై ఎనిమిదే. ఇద్దరం సమానమైతే పాలపెట్టెలు ఎవరు మోస్తారు? మా పాత లెక్కలో కలిసేవి రెండు. మిగతా రెండూ..." గొంతు తగ్గించింది. "నా సొంతం."

వయసు తగ్గించుకున్న ఆడవాళ్ళని పుట్టినప్పటినుంచీ చూస్తున్నాను. అద్దంలో రోజూ చూస్తున్నాను. పెంచుకున్న ఆడదాన్ని మాత్రం అదే చూడటం! నేను ఇన్నాళ్ళూ చెప్పుకున్న యాభై నాలుగూ అచ్చంగా ఆవిడది. నా అబద్ధం ఆవిడ నిజం. ఐస్ గడ్డ నుదుటికి పెట్టుకుని ఒకర్నొకరం చూసుకున్నాం. ముందు ఎవరు నవ్వారో గుర్తులేదు. స్టేజీ మీంచి లేవడానికి మాత్రం నలుగురు మనుషులు కావాల్సి వచ్చింది.

తర్వాత సోమవారం బడి తెరిచారు. నేను వంటగదిలోకి మహారాణిలా నడిచివెళ్ళాను. ఆరేళ్ళు అణిగిమణిగి ఉన్న పెద్దరికం ఒక్కసారి అనుభవించాలి కదా! సున్‌జా వంగి నమస్కరించి, కుర్చీ వేసి, పాలపెట్టెలన్నీ తనే లోపల పెట్టింది. జ్యూస్ తాగేటప్పుడు గోడవైపు తిరిగింది. ఆహా అనుకున్నాను. ఆ ఆహా పది గంటలదాకా నిలిచింది.

"ఉన్నీ, ఈసారి కిమ్చీ మీ ఇంట్లో" అంది.

"మా ఇంట్లో ఎందుకే?"

"పెద్దవాళ్ళింట్లోనే పెడతారు. క్యాబేజీలు నువ్వు తెప్పించాలి. ఉప్పూ కారం నువ్వు చూడాలి. వచ్చినవాళ్ళందరికీ నువ్వే వండిపెట్టి, డబ్బాలు కట్టి ఇంటింటికీ పంపాలి. ఇంకా మా కోడలితో గొడవొస్తే నువ్వే వచ్చి తీర్చాలి. ఇవన్నీ అక్క పనులు."

"మరి స్టూలు మీద కూర్చోవడం?"

"అది రుచి చూసే కాసేపే. ఆ కాసేపూ నువ్వు చూశావు. మిగతా రెండ్రోజులూ నేను ఒక్కదాన్నే చేసేదాన్ని, నువ్వు ఇంటికెళ్ళాక."

"మరి చెల్లెలు ఏం చేస్తుంది?"

"తింటుంది. నచ్చకపోతే అలుగుతుంది. అక్క వచ్చి బతిమాలాలి."

అలగొచ్చా! ఆరేళ్ళు చెల్లెలిగా ఉన్నాను, అలిగే హక్కు ఉందని ఒక్కరైనా చెప్పారా! ఒక్కసారి కూడా వాడుకోకుండా పదవి దిగిపోయానే!

అందుచేత, మీ అందరి సాక్షిగా, ఈ బొప్పి మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా వయసులోంచి ఒక్క పూట కూడా దొంగిలించను. ఎవరైనా ఎన్నేళ్ళని అడిగితే, ముందు వాళ్ళది ఏ దేశమో, అక్కడ అక్క ఏం మోయాలో, చెల్లెలు ఎప్పుడెప్పుడు అలగవచ్చో నింపాదిగా కూర్చోబెట్టి కనుక్కుంటాను. అంతా విన్నాక, ధర్మంగా, నిజమే చెబుతాను. ఎంత నిజం చెప్పాలన్నది మాత్రం అప్పుడు చూసుకుంటాను.